సిల్వియా శాతం

విశ్వాసం పడవలో ఉండగా ఫోను మోగింది. రెండు చేతులూ మోచేతుల దాకా తడి తవుడుతో నిండి ఉన్నాయి. చొక్కా జేబులో అది మోగీ మోగీ ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ మోగింది. అతను ఎత్తలేదు. ఎండ ముదరకముందే ఈ వరస సంచులు నింపేయాలి. తర్వాత చేప మేతకు రాదు.

చెరువులో వరసగా పాతిన కర్రలకు చిల్లుల సంచులు వేలాడుతున్నాయి. ఒక్కో కర్ర దగ్గరా పడవ ఆపి, నీళ్ళలోంచి సంచి పైకి లాగి, మూతి విప్పి, తవుడూ చెక్కపిండీ కలిపిన మేత నింపి, మళ్ళీ నీళ్ళలోకి వదలాలి. వదిలిన వెంటనే కిందనుంచి చేపలు వచ్చి చిల్లుల దగ్గర మూతులు పెట్టి లాగుతాయి. తాడు మీద చెయ్యి ఉంచితే ఆ లాగడం వేళ్ళకు తెలుస్తుంది. విశ్వాసానికి రోజంతటిలో బాగుండేది ఆ ఒక్క క్షణమే. గెడ వేసి పడవను తర్వాతి కర్ర దగ్గరికి నెట్టాడు.

వరస పూర్తయ్యాక చెరువు నీళ్ళలోనే చేతులు కడుక్కుని, లుంగీకి తుడుచుకుని, ఫోను తీసి చూశాడు. మధుబాబు. ఊళ్ళో సచివాలయంలో పింఛన్ల పని చూసే ఉద్యోగి.

"విశ్వాసం గారూ, లిస్టులో మీ అమ్మాయి పేరొచ్చిందండి. వికలాంగుల పింఛను రీవెరిఫికేషన్. గురువారం ఏలూరులో క్యాంపు. పాపని తీసుకెళ్ళాలి. సాయంత్రం నోటీసు పట్టుకొస్తాను, మీరు గానీ మీ ఆవిడ గానీ సంతకం పెడుదురుగాని."

"మళ్ళీ ఎందుకండీ? నాలుగేళ్ళ కిందట చూసి కాయితం ఇచ్చారు కదండీ."

"మీ ఒక్కరికే కాదండి. అందరికీ వస్తన్నాయి."

"మా పిల్లది వచ్చేదీ పోయేదీ కాదు కదండీ. పుట్టుకతోటిది."

"అదే చెప్పుకుందురుగాని అక్కడ" అని మధుబాబు పెట్టేశాడు.

సూర్యనారాయణ గారి చేపల చెరువు గుండుగొలనుకి దిగువన, కొల్లేరు వైపు ఉంటుంది. చెరువు గట్టు మీద కాపలా షెడ్డే విశ్వాసం ఇల్లు. షెడ్డు ముందు గట్టు వెడల్పుగా ఉన్న చోట అతను రెండు వరసలుగా సర్వి కర్రలు పాతి, వాటి మీద పిల్ల నడుమెత్తున రెండు పొడుగాటి వెదుళ్ళు కట్టాడు. మేత సంచులకు వాడగా మిగిలిన కర్రలే. మండలంలో ఇలాంటి పిల్లలకు ఎక్సర్‌సైజులు నేర్పే ఫిజియో మేడం ఫోనులో స్టీలు కమ్మీల బొమ్మ చూపిస్తే, అది చూసి వచ్చి కట్టాడు. సిల్వియా ఆ రెండు వెదుళ్ళ మధ్య నిలబడి, రెండు చేతులా వాటిని పట్టుకుని, అడుగు తీస్తుంది. తొమ్మిదేళ్ళ పిల్ల. మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకుంటాయి. మడమలు నేలకు ఆనవు. వెనక తల్లి కెజియా ఒంగి నడుస్తూ, "మడమమ్మా, మడమ ఆనించు" అంటూ ఉంటుంది.

సాయంత్రం మధుబాబు బండి గట్టెక్కేసరికి వాళ్ళిద్దరూ ఆ పనిలోనే ఉన్నారు. అతను బండి ఆపి, దిగకుండా అలాగే చూశాడు.

"అబ్బో! మన సిల్వియా నడిచేస్తందే!"

సిల్వియా నవ్వింది. నవ్వితే దానికి పట్టు తప్పుతుంది. కెజియా గబుక్కున నడుం పట్టుకుంది.

"ఎన్నాళ్ళ నించమ్మా?"

"ఎండాకాలం నించండి. ముందు ఊరికే నిలబడేది. ఇప్పుడు ఈ చివర్నించి ఆ చివరికి పోతది" అంది కెజియా. ఆ మాటలో గర్వం దాచుకోలేదు.

మధుబాబు మొహం మీద నవ్వు మెల్లగా పోయింది. కెజియా అది చూసింది. బండి స్టాండు వేసి, సంచిలోంచి నోటీసు తీసి, ఇవ్వకుండా చేతిలో పట్టుకునే నిలబడ్డాడు.

"నేను చెప్పానని ఎక్కడా అనకండేం" అన్నాడు గొంతు తగ్గించి. "ఇలా నడుస్తందని అక్కడ తెలిసిందనుకోండి, వైకల్యం శాతం పడిపోద్దండి. నలభైకి తగ్గితే పింఛను ఆగిపోద్ది. ఉంగుటూరు వైపు ఒకాయన, పోలియో కాలు. పాపం ఆయన డాక్టరు గారి గదికి తనంతట తనే మెట్లెక్కి వెళ్ళాడంట. అంతే."

"మెట్లెక్కకపోతే గదిలోకెలా వెళ్తాడండీ?" అన్నాడు విశ్వాసం.

"అదేనండి నేననేది. మోసుకెళ్ళాలి."

చెరువులో ఎక్కడో చేప ఎగిరి పడింది.

"నాకు మాత్రం సంతోషం కాదాండీ పాప నడిస్తే?" అన్నాడు మధుబాబు. "కానీ అక్కడ వాళ్ళకి ఈ పిల్లెవరో, దీని వెనక మీరెంత పడ్డారో ఏం తెలుసండి? చూసింది రాస్తారు. ఈ గట్టు మీద ఎవరో ఒకరు పోతానే ఉంటారు. ఈ కర్రలు కూడా..." అని ఆపేసి, నోటీసు కెజియా చేతికిచ్చాడు. ఆమె సంతకం పెట్టింది.

బండి చప్పుడు దూరమయ్యాక కెజియా పిల్లను ఎత్తి చాప మీద కూర్చోబెట్టింది. కాళ్ళకున్న బ్రేసుల పట్టీలు ఒక్కొక్కటే విప్పింది. పిక్క మీద పట్టీ ఒత్తుకుపోయి ఎర్రగా గుంట పడింది. బ్రేసులు పొట్టయిపోయి చాలా రోజులైంది.

"తీసేయండి" అంది, తలెత్తకుండా.

"ఏంటి?"

"ఆ కర్రలు."

"కెజియా, పిల్ల ఇప్పుడిప్పుడే కదా..."

"నాకు తెలవదా అండీ?" ఆమె గొంతు పెరగలేదు. "తాడేపల్లిగూడెంలో కొత్త బ్రేసులకి కొలతలిచ్చొచ్చాం. మేడం దగ్గరికి తీసుకెళ్ళాలంటే ఆటో. దీన్నొదిలి నేను కూలికెళ్ళలేను. ఇదంతా ఆ పింఛను మీదే కదండీ నడిచేది. పింఛను ఆగితే దీని నడక ఆగుద్ది. నడక కనపడితే పింఛను ఆగుద్ది. మీరే చెప్పండి ఏం చేద్దామో."

విశ్వాసం వెళ్ళి ముందు వెదుళ్ళ కట్లు విప్పాడు. తాడు ముళ్ళు వానలకు తడిసి బిగుసుకుని ఉన్నాయి, పళ్ళతో లాగాల్సి వచ్చింది. తర్వాత ఒక్కో సర్వి కర్రనీ రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపి పైకి లాగాడు. నల్లమట్టి వదల్లేక వదుల్తూ చప్పుడు చేసింది. పీకిన చోట గుంటలోకి నీళ్ళూరాయి. మడమతో మట్టి తొక్కి గుంటలు పూడ్చాడు.

"నాన్నా, ఎందుకు తీసేస్తన్నావ్?" అంది సిల్వియా. దాని మాటలు ఒక్కొక్కటీ బరువు మోసుకొచ్చినట్టు వస్తాయి.

"చెరువులో కావాలంటమ్మలూ."

"నావే కావాలా?"

అతను కర్రలు భుజాన వేసుకుని గట్టు దిగిపోయాడు.

*

మర్నాటి నుంచి కెజియా డాక్టరయింది. చాపకు ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని, "నీ పేరేంటమ్మా?" అనేది. చెప్పకూడదని పిల్లకు నేర్పింది. "ఏదమ్మా, ఒకసారి నిలబడు" అనేది. అప్పుడు సిల్వియా తల ఒక పక్కకు వాల్చేసి, చేతులు వదిలేసి, పెదవి కిందికి జార్చాలి. పిల్లకు ఇది కొత్త ఆటలా ఉంది. మొదట రెండుసార్లు నవ్వేసింది. తర్వాత వచ్చేసింది. తల వాల్చి, కళ్ళు ఎటో పెట్టి, ఒళ్ళంతా వదిలేసి కూర్చుంటే అచ్చం అలాగే ఉంది. ఎంత బాగా చేసిందంటే కెజియాకి నవ్వొచ్చింది. వెంటనే చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బాగా చేశానా?" అంది సిల్వియా తలెత్తి.

"బాగా చేశావమ్మా."

"నడిచిన దానికన్నానా?"

కెజియా పొయ్యి మీద ఏదో ఉన్నట్టు లేచి లోపలికెళ్ళింది. పొయ్యి మీద ఏమీ లేదని విశ్వాసానికి తెలుసు.

ఎక్సర్‌సైజులు కూడా ఆపేశారు. రోజూ పొద్దున్నా సాయంత్రం కెజియా పిల్ల కాలు ఒళ్ళో పెట్టుకుని, మోకాలి మీద ఒక చెయ్యి వేసి అదిమి, రెండో చేత్తో పాదాన్ని పైకి నెట్టేది. అలా సాగదీస్తేనే కాలు కాలులా ఉంటుంది. బుధవారానికి పిక్కలు పడవ కట్టే తాడులా పేనుకుపోయాయి. సాయంత్రం విశ్వాసం చెరువు నుంచి వచ్చి చెయ్యి వేసి చూసి, అదిరిపోయాడు.

"కెజియా, ఇదేంటిలా..."

"ఉండనివ్వండి. రేపటికి అలా ఉంటేనే మంచిది లెండి."

అన్నదే గానీ, గిన్నెలు కడుగుతూ కడుగుతూ మధ్యలో వదిలేసి వచ్చి, నూనె సీసా తీసుకుని పిల్ల పక్కన కూర్చుంది. పైపైన రాసింది. సాగదీయలేదు. చేతులు అలవాటుకొద్దీ పాదం దగ్గరికి వెళ్ళేవి, మళ్ళీ వెనక్కి తెచ్చుకునేది.

దీపాలు పెట్టే వేళకు ముగ్గురూ చాప మీద ప్రార్థనకు కూర్చున్నారు. రోజూ మాటలు కెజియావే. ఆమె కళ్ళు మూసుకుంది. చెరువుకీ, గట్టుకీ, అన్నానికీ వందనాలు చెప్పింది. ఆ తర్వాత మాట రాలేదు. విశ్వాసం కాసేపు ఆగి కళ్ళు తెరిచాడు. ఆమె కూడా తెరిచే ఉంది.

"ఏమని అడగాలండీ?" అంది. "నా పిల్ల నడవలేదని రేపు అందరూ నమ్మేలా చెయ్యి దేవా, అనా?"

"ఆమెన్" అంది సిల్వియా, అయిపోయిందనుకుని.

రేపు తను రానని పడుకోబోయే ముందు కెజియా చెప్పింది. "నన్ను చూస్తే అది నవ్వేస్తది. మీరు తీసుకెళ్ళండి. మిమ్మల్ని చూస్తే నవ్వు రాదు ఎవరికీ."

*

ఆటో దిగి, గుండుగొలనులో బస్సెక్కి ఏలూరులో దిగేసరికే విశ్వాసం భుజాలు పడిపోయాయి. పిల్ల పొడుగైంది. చంకనెత్తుకుంటే కాళ్ళు అతని మోకాళ్ళకు తగులుతున్నాయి. బస్టాండులో స్కూలు పిల్లలు చూస్తుంటే మొహం అతని మెడలో దాచుకుంది.

"నేను పెద్దదాన్ని కదా నాన్నా."

"పెద్దదానివే. ఇవాళ్టికి చిన్నదానివి."

క్యాంపు ఒక పెద్ద హాల్లో పెట్టారు. బయట షామియానా, కుర్చీలు. వాన పడి వెలిసింది, షామియానా మధ్యలో నీళ్ళు నిలిచి పొట్టలా వేలాడుతోంది. దాని కింద వీల్‌చైర్లు, చంకకర్రలు, ఒళ్ళో పిల్లలు, మంచం పట్టిన ముసలాళ్ళు. ఒకతన్ని మడత మంచం మీదే తెచ్చారు. పేర్లు పిలిచే మనిషి గొంతు అప్పటికే బొంగురుపోయింది.

విశ్వాసం పక్క కుర్చీలో తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన వెంకటలక్ష్మి కూర్చుని ఉంది. ఆమె పక్కన పెళ్ళీడు కొడుకు. కుడి చెయ్యి మోచేతి పైకి లేదు.

"రైసుమిల్లులో బెల్టులో పడిందండి" అంది ఆమె అడక్కుండానే. "మళ్ళీ ఎందుకు పిలిచారో అర్థం కాలేదు. మొలిచిందేమో చూస్తారు కాబోలు."

కొడుకు నవ్వాడు. ఆ మాట చాలాసార్లు విన్న నవ్వది.

"పాపకేంటండీ?"

"కాళ్ళు రావండి" అన్నాడు విశ్వాసం. సిల్వియా అతని చొక్కా గుండీ పట్టుకుని లాగింది. ఆట మొదలైందా అని అడుగుతోందని అతనికి అర్థమైంది. తల ఊపాడు. పిల్ల తల అతని భుజం మీదికి వాల్చేసింది.

మధ్యాహ్నం దాటాక పిలిచారు. గదిలో చిన్న వయసు డాక్టరమ్మ, పక్కన కంప్యూటరు ముందు ఒకతను. ఆమె టేబిలు మీద అన్నం డబ్బా మూత కూడా తీయకుండా ఉంది. సిల్వియాను బల్ల మీద పడుకోబెట్టమంది.

"నీ పేరేంటి నాన్నా?"

సిల్వియా పలకలేదు. కళ్ళు గోడ మీద ఎటో పెట్టింది. డాక్టరమ్మ మోకాలు మడిచింది, చాపింది. స్కూలు పిల్లల కోణమానినిలాంటిది ఒకటి పెట్టి మడమ దగ్గర కొలిచింది. నొప్పికి పిల్ల వేళ్ళు బల్ల అంచును పట్టుకున్నాయి. నోరు మాత్రం మెదపలేదు. అంత బాగా నేర్చుకుంది.

"చాలా స్టిఫ్‌గా ఉన్నాయండి కాళ్ళు. నిలబడుతుందా?"

"లేదండి."

"పట్టుకుంటే?"

"లేదండి." రెండోసారి లేదనడం మొదటిసారంత కష్టం కాలేదు.

"అన్నం తనే తింటుందా?"

"తింటదండి. కింద పోసుకుంటది." అది నిజమే. నిజం చెప్పగలిగిన చోట అతనికి ఊపిరాడింది.

డాక్టరమ్మ చేతులు తుడుచుకుని కుర్చీలో కూర్చుంది. కంప్యూటరు ముందున్నతనికి ఏదో ఇంగ్లీషులో చెప్పింది. తర్వాత విశ్వాసం వైపు తిరిగింది. మెత్తని మనిషే.

"చూడండి, ఇంత పిల్లని మోసుకుని ప్రతిసారీ మీరు తిరగలేరు. ఇంక మార్పు వచ్చే అవకాశం లేదని పర్మనెంట్‌గా రాస్తున్నాను. మళ్ళీ మిమ్మల్నెవరూ పిలవరు. సరేనా?"

విశ్వాసం రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. ఇంత మేలు అతను అనుకోలేదు. కెజియాకు ఫోను చేయాలనుకున్నాడు. పిల్లను ఎత్తుకుని తలుపు దాకా వచ్చాడు. ఎదురుగా వెంకటలక్ష్మి, కొడుకూ లోపలికి రావడానికి నిలబడి ఉన్నారు.

చెవి దగ్గర వెచ్చగా మాట వినిపించింది.

"నాన్నా, నేనింక నడవనా?"

"అదేం లేదమ్మలూ. ఊరికే."

"డాక్టరు గారు రాసేశారుగా."

విశ్వాసం ఆగిపోయాడు. పిల్ల ఇంకా తల వాల్చే ఉంది, నేర్పినట్టే. ఆట ఎప్పుడు అయిపోతుందో దానికెవరూ చెప్పలేదు. "కొంచెం జరగండి బాబూ" అంది వెంకటలక్ష్మి. అతను జరగలేదు. వెనక్కి తిరిగాడు.

"డాక్టరు గారూ, నడుస్తదండి."

డాక్టరమ్మ తలెత్తింది. "ఏంటండీ?"

"మా పిల్ల నడుస్తదండి. కర్రలు పట్టుకుని నడుస్తది. ఆ కర్రలు నేనే పీకేశానండి."

ఆమెకు కర్రల సంగతి అర్థం కాలేదు. నడుస్తుందన్న మాట మాత్రం అర్థమైంది. అన్నం డబ్బా వైపు ఒకసారి చూసింది. "ఇప్పుడే కదండీ నిలబడదన్నారు?"

"అన్నానండి."

కంప్యూటరు అతను చేతులు ఆపాడు. డాక్టరమ్మ కుర్చీ వెనక్కి జరిపి, "నడిపించండి, చూస్తాను" అంది.

విశ్వాసం పిల్లను టేబిలు అంచు పట్టించి నిలబెట్టాడు. "అటూ ఇటూ పట్టుకోడానికి రెండు కుర్చీలు కావాలండి" అన్నాడు. కంప్యూటరు అతను కుర్చీలు తేవడానికి లేచాడు. విశ్వాసం వెనక్కి వెనక్కి నడిచి గోడ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఉండమ్మలూ, కుర్చీలు రానీ" అంటున్నాడు.

సిల్వియా టేబిలు వదిలేసింది.

చేతులు రెండూ పక్కలకు చాపి, పిడికిళ్ళు బిగించింది, అక్కడ వెదుళ్ళున్నట్టే. ఒక కాలు ఈడ్చింది. ఒళ్ళంతా ఒక పక్కకు ఒరిగి, మళ్ళీ నిలదొక్కుకుంది. రెండో కాలు తీసింది. కుర్చీలు మోసుకొస్తున్నతను ఎక్కడివాడక్కడ ఆగిపోయాడు. విశ్వాసం నోరు తెరుచుకుని ఉండిపోయాడు. మడమ ఆనించమని చెప్పాలన్నది కూడా గుర్తు లేదు. పిల్ల నాలిక పళ్ళ మధ్య బిగించి, అతని మొహం తప్ప ఇంకేమీ చూడకుండా వచ్చి, చివర్న ఆగలేక అతని మీద పడింది. ఆ ఊపుకి అతని తల గోడకు కొట్టుకుంది.

"అమ్మా తల్లీ!" అంది గుమ్మంలోంచి వెంకటలక్ష్మి.

డాక్టరమ్మ కూడా నవ్వింది. నవ్వి, కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుని, కంప్యూటరు వైపు తిరిగింది. "ఆధారం లేకుండా నడక, ఎస్" అని చెప్పింది.

"అమ్మా, అలా పట్టుకోకుండా ఇదే మొదటిసారండి" అన్నాడు విశ్వాసం. "ఇంటి దగ్గర ఎప్పుడూ చెయ్యి వదల్లేదండి. ప్రమాణం చేసి చెప్తన్నాను."

"చూశాను కదండీ. చూసింది రాయాలి." ఆమె గొంతులో కోపం లేదు, అలుపే ఉంది. "పర్మనెంట్ తీసేశాను. శాతం కంప్యూటరు కూడుతుంది. మీకు మెసేజ్ వస్తుంది." పిల్ల తల మీద చెయ్యి వేసి, "ఎక్సర్‌సైజులు ఎందుకాపారు? ఆపకండి" అంది.

*

బస్సులో సగం దూరం వచ్చేసరికి సిల్వియాకు కాళ్ళు లాగడం మొదలైంది. రెండు పిక్కలూ గట్టిగా ముడుచుకుపోయి, పాదాలు లోపలికి తిరిగిపోయాయి. పిల్ల అరిచిన అరుపుకు ముందు సీట్ల వాళ్ళు వెనక్కి తిరిగారు. ఒకావిడ లేచి తన సీటు కూడా ఇచ్చింది. విశ్వాసం పిల్లను రెండు సీట్ల మీదా పడుకోబెట్టి, కింద కూర్చుని, రెండు పాదాలూ అరచేతుల్లో పెట్టుకుని పైకి నెడుతూ గుండుగొలను దాకా వచ్చాడు.

కెజియా గట్టు మీదే నిలబడి ఉంది. ఫోను ఎందుకు చేయలేదని అడగలేదు. పిల్లను అందుకుని చాప మీద పడుకోబెట్టి, కాళ్ళు చూసి, వేణ్ణీళ్ళ గుడ్డ తెచ్చి చుట్టింది. పిల్ల ఏడ్చి ఏడ్చి కళ్ళు మూసుకున్నాక అడిగింది.

"ఏమన్నారండీ?"

విశ్వాసం చెప్పాడు. పర్మనెంట్ రాసిన సంగతి చెప్పాడు. తలుపు దగ్గర ఆగిన సంగతి చెప్పాడు. కెజియా మొహంలో రక్తం లేదు.

"రాసేశాక చెప్పారా?"

"ఊఁ."

"వచ్చిన దాన్ని చేజేతులా..." ఆమె లేచి నిలబడింది. "ఇన్ని రోజులు దాని కాళ్ళు నేనే బిగించి చంపుకున్నానే! దేనికండీ అదంతా? మీకు మీ మాట నిజమైతే చాలు. రేపు బ్రేసులు ఎవరు తెస్తారు? మీ నిజం తెస్తదా?"

"అది నన్నడిగింది, కెజియా. ఇంక నడవనా అని."

ఆమె ముఖం తిప్పుకుని, చేపలు ముందేసుకుని కూర్చుంది. సూర్యనారాయణ గారి మనిషి పొద్దున్న ఇచ్చిపోయిన రెండు బొచ్చె చేపలు. కత్తిపీటను కాలితో అదిమిపెట్టి, బూడిద రాసి పొలుసు తీయడం మొదలుపెట్టింది. పొలుసు ఎగిరి మొహం మీద పడుతున్నా తుడుచుకోలేదు. విశ్వాసం గుమ్మం పక్కన గోడకానుకుని కూర్చున్నాడు. తల వెనక బొప్పి కట్టింది. చీకటి పడబోతోంది.

ఒక చేప అయింది. రెండోది తీసుకుంది.

"అక్కడ కర్రలెక్కడివి?" అంది, చేప మీదనుంచి చూపు తీయకుండా.

"ఎక్కడ?"

"డాక్టరు దగ్గర. ఏం పట్టుకుని నడిచింది?"

"ఏం లేవు. కుర్చీలు తెస్తానని వెళ్ళాడతను. తెచ్చేలోపే టేబిలు వదిలేసింది."

కెజియా చేతులు ఆగాయి.

"పట్టుకోకుండానా?"

"పట్టుకోకుండానే. నా దగ్గరికొచ్చింది."

చేప ఆమె చేతిలోంచి జారి బూడిదలో పడింది. ఆ తడి చేతులతోనే, పొలుసులతోనే, చాప దగ్గరికి వెళ్ళి పిల్ల పక్కన కూర్చుంది. నిద్రపోతున్న పిల్ల పాదాల వైపు చూసింది. ముట్టుకోలేదు.

"నేను చూడలేదు" అంది. "నవ్వుద్దని రాలేదు నేను."

మర్నాడు తెల్లవారగానే విశ్వాసం తీసుకెళ్ళి చెరువులో పాతేసిన ఆ కర్రలు పీకి తెచ్చి, గట్టు మీద మళ్ళీ గుంటలు తీశాడు. కెజియా వచ్చి ఒక్కో కర్రా నిటారుగా పట్టుకుని నిలబడింది. ఆ రోజు వాటి మధ్య నడిచేవాళ్ళు లేరు. సిల్వియా కాలు చాపలేక చాప మీదే ఉండిపోయింది.

*

మెసేజు వచ్చింది వాళ్ళ ఫోనుకు కాదు, సచివాలయానికి. మధుబాబే కబురు పట్టుకొచ్చాడు. బండి దిగి, చెప్పులు విప్పి, షెడ్డు గుమ్మంలో కూర్చున్నాడు. మంచినీళ్ళిస్తే సగం తాగి పక్కన పెట్టాడు.

"నలభైకి లోపే వచ్చిందండి" అన్నాడు.

విశ్వాసం తల ఊపాడు. వస్తుందని తెలిసిన మాటే. తెలిసిన మాట కూడా వచ్చి మీద పడ్డాకనే బరువు తెలుస్తుంది.

"వచ్చే నెల నించి ఆగిపోద్దండి. అప్పీలు పెట్టుకోవచ్చు. ఫారం తెచ్చాను. మళ్ళీ క్యాంపుకి పిలుస్తారు." అతను విశ్వాసం వైపు చూసి, చూపు దించుకున్నాడు. "ఈసారన్నా కొంచెం జాగ్రత్తగా చూసుకోండి."

కెజియా చాప మీద కూర్చుని పిల్ల కాలు ఒళ్ళో పెట్టుకుని సాగదీస్తోంది. మోకాలి మీద చెయ్యి అదిమి పెట్టి, పాదం పైకి నెట్టి, అలాగే బిగబట్టి ఉంచింది. సిల్వియా మొహం నొప్పికి ముడుచుకుని ఉంది గానీ, ఏడవడం లేదు.

"ఈసారి నేనెళ్తానండి" అంది కెజియా, చెయ్యి తీయకుండా. "నడిపించే తీసుకెళ్తాను."

"అమ్మా, మళ్ళీ అదే..."

"నడుస్తదనే రాయండి. నడిచినందుకు బస్సులో గుండుగొలను దాకా ఏడుస్తానే వచ్చిందని కూడా రాయండి. మర్నాడంతా కాలు చాపలేదని రాయండి. రోజూ పొద్దున్నా సాయంత్రం ఇదిగో ఇలా పట్టి లాగితేనే నిలబడతదనీ, నేను ఒక్కపూట కూలికెళ్తే ఆ పూట దీని కాళ్ళు బిగుసుకుపోతాయనీ రాయండి. వాళ్ళు నడకే చూశారు. నడిచాక ఏమైద్దో ఎవరూ చూడలేదు. అది కూడా చూడమనండి."

మధుబాబు ఫారం అటూ ఇటూ తిప్పాడు. "ఇన్ని రాయడానికి ఇందులో చోటు లేదండి. పేరూ నంబరూ, ఎందుకు అప్పీలు చేస్తన్నారో ఒక్క లైనూ, అంతే."

"ఏదండీ?"

కెజియా పిల్ల కాలు మెల్లగా కిందికి దించి, చెయ్యి చాపి ఫారం తీసుకుంది. బోర్లించి చాప మీద పెట్టి, అరచేత్తో ఒకసారి సాపు చేసింది.

"ఇటేపంతా ఖాళీయే కదండీ."

మధుబాబు ఆమె వైపూ, విశ్వాసం వైపూ చూశాడు. ఇలా వెనక రాసిన వాటిని పైన ఎవరైనా చదువుతారో లేదో అతనికి తెలియదు. అయినా జేబులోంచి పెన్ను తీసి, గుమ్మంలోంచి లేచి వచ్చి చాప అంచున కూర్చున్నాడు.

"ముందు ఏం రాయమంటారండీ?"

కెజియా నోరు తెరిచేలోపే సిల్వియా మోచేతుల మీద కొంచెం పైకి లేచింది. మాట కూడదీసుకోవడానికి దానికి కాసేపు పట్టింది. ముగ్గురూ ఆగారు.

"నడిచానని" అంది.